రాయిని మురాద్ అడక్కండి, వతన్ అడగండి

మొన్న రంజాన్ ఈద్‌కి నంద్యాలలో మా ఆపా వాళ్లింటికి వెళ్లాం. షీర్ ఖుర్మా కప్పు చేతిలో పెట్టి, కూర్చోనివ్వకుండానే ఆపా నన్ను షోకేసు దగ్గరికి తీసుకెళ్లింది. దుల్హేభాయ్ సౌదీలో ఉన్నప్పుడు తెచ్చిన పింగాణీ సెట్టు, కాబా షరీఫ్ బొమ్మ ఉన్న గడియారం, జమ్‌జమ్ సీసా. వాటి మధ్యలో ఈసారి కొత్తగా ఒక నీలి రాయి. అరచేతి కంటే కొంచెం పెద్దది. నిలబడేందుకు అడుగు సమంగా కోశారు, మిగతాదంతా అద్దంలా సాన పట్టారు. చిన్న చెక్క పీట మీద, షోకేసు బల్బు వెలుగులో, వచ్చినవాళ్ల కళ్లన్నీ దాని మీదే పడేలా పెట్టింది.

"లాజవర్ద్, భయ్యా. అసలీ. ఎంతో చెప్పు చూద్దాం" అంది.

నేను చెప్పలేకపోయాను. పద్నాలుగున్నర వేలు అంది.

ఇంటి అలంకరణకు అంత పెట్టే మనిషి కాదు మా ఆపా. గోంగూర కట్ట దగ్గర రెండు రూపాయలకు బేరమాడుతుంది. సంగతేమిటో వంటింట్లో భాంజీ చెప్పింది. తనకు రెండు రిష్తాలు మాటల దాకా వచ్చి ఆగిపోయాయి. ఇంటి మీద నజర్ ఉందని ఎవరో అమ్మీతో అన్నారట. ఫోన్‌లో ఒక దుకాణందార్ వీడియో కనబడింది. నీలి రాయి గుమ్మానికి ఎదురుగా పెడితే నజర్ నుంచి హిఫాజత్, రిష్తాల్లో రుకావట్ దూరం అని అందులో చెప్పాడు. డబ్బాలో ఒక కార్డు కూడా వచ్చింది. పైన అరబీ అక్షరాలు, కింద "పాజిటివ్ ఎనర్జీ" అని. చిట్టీ ఎత్తిన డబ్బు దానికి పోయింది. ఆ డబ్బు భాంజీ బీఎడ్ రెండో ఏడు ఫీజు కోసం దాచింది.

"అమ్మీకి చెప్పకండి మామూ, బాధపడుతుంది" అంది ఆ అమ్మాయి, సేమ్యా కలుపుతూ.

ఈ వ్యాసం ఆ మాట వల్లే రాస్తున్నాను. మా ఆపా ఒక్కతే కాదు. మన ఖాందాన్‌లలో ఇప్పుడు ఇలాంటి రాళ్లు చాలా ఇళ్లకు చేరుతున్నాయి. కొందరికి షౌక్. కొందరికి భయం. షౌక్‌తో కొన్నవాళ్లతో నాకు పేచీ లేదు. భయంతో కొన్నవాళ్ల గురించే మాట్లాడాలి. ఆ తర్వాత మనందరం ఆ రాయి గురించి కూడా కొంచెం మాట్లాడుకోవాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు దాని గురించి చెప్పేది ఒకటి, దాని హకీకత్ ఇంకొకటి.

లాజవర్ద్ అనే మాట నాకు ఉర్దూ మీడియం బడిలోనే పరిచయం. ఆస్మాన్ రంగు చెప్పాలంటే మా ఉస్తాద్ "లాజవర్దీ" అనేవారు. అది రాయి పేరు అని అప్పుడు తెలియదు, రంగు పేరనుకునేవాణ్ణి. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు, నిఘంటువు తిరగేస్తుంటే "రాజావర్తం" కనబడింది. సంస్కృతంలో అదే రాయికి ఆ పేరు. మాట ఎంత దూరం తిరిగిందో చూడండి. ఫార్సీ, అరబీల నుంచి లాతీన్‌లోకి పోయి అక్కడ "లాజులీ" అయింది. ముందున్న 'ల' రాలిపోయి ఇంగ్లీషు వాళ్ల "అజూర్" అయింది. ఇవాళ దుకాణాల్లో "లాపిస్ లాజులీ" అని అమ్ముతున్నది మన లాజవర్ద్‌నే.

సరే, ఆపా వాళ్లింటి రాయి దగ్గరికి వస్తాను. చూడగానే నాకు అనుమానం వచ్చింది. నీలం మరీ ఒకే తీరుగా ఉంది. సన్నటి పగుళ్లలో మాత్రం రంగు చిక్కగా పేరుకుంది. అసలీ లాజవర్ద్ ఒకే ఖనిజం కాదు, కొన్ని ఖనిజాలు కలిసిన రాయి. నీలం లాజురైట్‌ది. తెల్లటి చారలు కాల్‌సైట్‌వి. బంగారు రవ్వల్లా మెరిసేది పైరైట్, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. పైరైట్ అన్ని రాళ్లలోనూ కంటికి కనబడాలని లేదు కానీ, ఆపా రాయిలో ఉన్న బంగారు చుక్కలు పైన అద్దినట్టున్నాయి.

నమాజ్‌కి వజూ చేయాలంటే గోళ్ల రంగు తీసేయాలి కదా, అందుకే ఆడపిల్లలున్న మన ఇళ్లల్లో ఆ రంగు తీసే మందు సీసా ఉంటుంది. అసిటోన్ ఉన్న రకం. భాంజీని తెమ్మన్నాను. దూదిని అందులో తడిపి రాయి వెనక, కనబడని చోట, రెండు మూడు సార్లు రుద్దాను. దూది నీలమైంది.

ఎవరూ మాట్లాడలేదు. ఆపా దూది వంకే చూస్తూ ఉంది. తర్వాత అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "నఖ్లీ అన్నమాట. అందుకేనా భయ్యా, పని చేయలేదు? నువ్వు హైదరాబాద్‌లో ఉంటావు కదా, అసలీది ఒకటి చూసి తీసుకురా."

నేను ధోఖా బయటపెట్టాననుకున్నాను. నిజానికి ఇంకో పద్నాలుగున్నర వేలకు దారి తెరిచాను.

మనం ఎక్కువగా ఇక్కడే తప్పిపోతాం. నఖ్లీ రాళ్లు, నఖ్లీ బాబాలు, నఖ్లీ తావీజులు అని పత్రికల్లో రాస్తాం. నేనూ రాశాను. అలా రాసినప్పుడల్లా చదివినవాళ్లకు తెలియకుండానే ఇంకో మాట చేరవేస్తున్నాం, అసలీది ఎక్కడో ఉందని, అది పని చేస్తుందని. ఆపా యకీన్ దూది ముక్కతో పోలేదు. ఇంకా గట్టిపడింది.

అందుకే ఈ మాట సాఫ్‌గా చెప్పాలి. అసలీ లాజవర్ద్ కూడా రిష్తా తీసుకురాదు. నజర్ ఆపదు. కోటి రూపాయల రాయి అయినా సరే.

ఇది నా సొంత తెలివి కాదు. హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు హజరె అస్వద్ ముందు నిలబడి ఏమన్నారో మనలో చాలామందికి తెలుసు. బుఖారీలో ఉన్న రివాయత్. నువ్వు రాయివని, నఫా గానీ నుఖ్సాన్ గానీ చేయలేవని నాకు తెలుసు, రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం ముద్దు పెట్టుకోవడం చూశాను కాబట్టే నేనూ పెట్టుకుంటున్నాను అని దాని భావం. దునియాలో మనం అన్నిటికంటే ఎక్కువ ఇజ్జత్ ఇచ్చే రాయి గురించే ఆ మాట అన్నారంటే, పార్సిల్‌లో వచ్చిన రాయి సంగతి చెప్పాలా?

రాయి ఉంగరం పెట్టుకోవడం వేరే సంగతి. హుజూర్ వెండి ఉంగరం ధరించారని, దాని నగీనా హబషీ రాయి అని హదీసుల్లో ఉంది. మా దాదా చేతికి అఖీఖ్ ఉండేది. అది జీనత్. ఎవరూ కాదనరు. కానీ జీనత్‌కీ మురాద్‌కీ మధ్య ఒక గీత ఉంది. రాయి చూసి "ఎంత ఖూబ్‌సూరత్‌గా ఉంది, సుబహానల్లాహ్" అంటే గీతకు ఇవతల ఉన్నట్టు. "ఇది ఉంటే నా బిడ్డకు మంచి జరుగుతుంది" అంటే అవతల. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వడం లేదు. ఆ గీత మాత్రం చదువుకోని మా నానీకి కూడా తెలుసు.

ఇది కేవలం దీన్‌దార్ల మాటే అనుకునేవాళ్ల కోసం ఒక సైన్సు ఖిస్సా చెబుతాను. అల్ బీరూనీ పేరు విన్నారు కదా. 973లో ఖ్వారజమ్‌లో పుట్టి, గజనీలో జీవితం గడిపి, హిందూస్తాన్ మీద అంత పెద్ద కితాబ్ రాసిన ఆలిమ్. వృద్ధాప్యంలో ఆయన జవాహరాల మీద ఇంకో కితాబ్ రాశారు, "కితాబుల్ జమాహిర్". అందులో లాజవర్ద్ ప్రస్తావన కూడా ఉంది. ఆ రోజుల్లో జుమర్రుద్ (పచ్చ) గురించి ఒక మాట అందరి నోటా ఉండేది. పాము దాని వంక చూస్తే కళ్లు పోతాయని. పెద్ద పెద్ద కితాబుల్లోనే రాసి ఉంది. బీరూనీ దాన్ని ఊరికే నమ్మలేదు, ఊరికే కొట్టేయనూ లేదు. ఒక పామును తెప్పించారు. దాని మెడకు పచ్చల దండ వేశారు. అది ఉన్న బుట్టలో పచ్చలు పరిచారు. కళ్ల ముందు పచ్చల దండ ఆడించారు. ఎండల్లో, చలిలో, తొమ్మిది నెలలు. పాముకు ఏమీ కాలేదు. దాని చూపు ఇంకా పదునెక్కలేదు కదా అని చమత్కరించారు కూడా.

వెయ్యేళ్ల కిందట మన ఆలిమ్ ఒకాయన తొమ్మిది నెలలు తహకీక్ చేసి తేల్చాడు. మనం రెండు నిమిషాల వీడియో చూసి చిట్టీ డబ్బు పంపిస్తున్నాం.

ఇక్కడ ఒకరు అడగొచ్చు, యునానీలో లాజవర్ద్ వాడతారు కదా అని. వాడతారు. కడిగి, నూరి, శుద్ధి చేసిన లాజవర్ద్‌ని హకీములు దవాగా వాడే రివాజ్ ఉంది. అది పని చేస్తుందా లేదా అనేది హకీములూ డాక్టర్లూ తేల్చాల్సిన మాట. అది కడుపులోకి వెళ్లే దవా. షోకేసులో ఉండి పెళ్లి సంబంధాలు కుదిర్చే దవా ఏ హకీమ్ కితాబ్‌లోనూ నేను చూడలేదు. ఇంట్లో రాయి అరగదీసి తాగే పని మాత్రం ఎవరూ చేయకండి.

ఇంకో సంగతి. అమ్మేవాళ్లు ఈ రాయి రంగులోనే ఏదో తాకత్ ఉందంటారు. ఆ నీలం ఎక్కడిదో తెలిస్తే ఆశ్చర్యపోతారు. గంధకానిది. అగ్గిపుల్లల్లో ఉండే పసుప్పచ్చ గంధకమే. లాజురైట్ లోపల మూడేసి గంధకం పరమాణువులు జతకట్టి చిక్కుకుని ఉంటాయి. వాటి వల్లే ఆ ఘాటు నీలం. ఒకప్పుడు యూరప్‌లో చిత్రకారులు ఈ రాయిని పొడి చేసి, కడిగి, నీలం తీసేవారు. సముద్రాలకు అవతలి నుంచి వచ్చింది కాబట్టి దానికి "అల్ట్రామెరైన్" అని పేరు. బంగారంతో పోల్చుకునేంత మహంగా ఉండేదట. దాంతో 1824లో ఫ్రాన్సులో ఒక సొసైటీ, దీన్ని చౌకగా తయారు చేసినవాళ్లకు ఇనామ్ ప్రకటించింది. 1828లో గిమే అనే ఆయన దాన్ని గెలుచుకున్నాడు. తెల్ల మట్టి, సోడా, గంధకం, బొగ్గు లాంటివి కలిపి కాల్చి అదే నీలం తీసే పద్ధతి అలా మొదలైంది.

ఆ కృత్రిమ నీలం చివరికి ఎక్కడికి చేరిందో తెలుసా? మన బకెట్లోకి. తెల్ల బట్టలకు వేసే నీలిమందు పొడుల్లో వాడింది ఎక్కువగా దాన్నే. జుమేరాత్ సాయంత్రం మా అమ్మీ గుడ్డలో నీలిమందు మూట కట్టి నీళ్లలో తిప్పి, అబ్బా తెల్ల కుర్తా ముంచేది, జుమా నమాజ్ కోసం. ఆ నీలంలో తాకత్ ఉండి ఉంటే మా వీధిలో చాకిరేవుకి మించిన బరకత్ ఉన్న చోటు ఇంకోటి ఉండేది కాదు.

ఇంతవరకు రాయి ఏం చేయలేదో చెప్పాను. ఇక అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. నన్నడిగితే షోకేసు ముందు నిలబడి అడగాల్సిన అసలు సవాల్ ఇదే.

లాజవర్ద్ చిలీలో దొరుకుతుంది, రష్యాలో బైకాల్ సరస్సు వైపు దొరుకుతుంది. కానీ అందరూ మేలైనదిగా చెప్పుకునేది అఫ్గానిస్తాన్ ఈశాన్యంలోని బదఖ్షాన్‌ది. కోక్చా నది లోయలో "సరె సంగ్" అనే చోటు ఉంది. ఫార్సీలో సంగ్ అంటే రాయే. ఆరు వేల ఏళ్లకు పైగా మనుషులు అక్కడి కొండ తొలుస్తున్నారని చెబుతారు. హరప్పా వాళ్లు ఎక్కడో సింధు లోయ వదిలి, ఆమూ దరియా ఒడ్డున షోర్తుగాయ్‌లో ఒక బస్తీ కట్టుకున్నారు. ఈ రాయి తిజారత్ కోసమే అయి ఉంటుందని తవ్వకాలు జరిపినవాళ్ల అంచనా. ఇరాక్‌లోని ఉర్ రాజుల సమాధుల్లో ఈ రాయి దొరికింది. ఈజిప్టులో తూతన్‌ఖామూన్ బంగారు ముసుగు మీద కనుబొమలు దీంతో దిద్దినవే. మన ఆగ్రాలో తాజ్‌మహల్ పాలరాతిలో పొదిగిన పూలల్లోనూ లాజవర్ద్ ఉంది.

మక్బరాలు కట్టించిన బాద్‌షాల పేర్లు మనకు కంఠస్థం. కొండలోంచి ఆ రాయి తీసినవాళ్ల పేరు ఒక్కటీ తారీఖ్‌లో లేదు. 1838 ప్రాంతంలో జాన్ వుడ్ అనే స్కాట్లాండ్ వాడు ఆమూ దరియా పుట్టిన చోటు వెతుక్కుంటూ వెళ్లి ఈ గనులు చూశాడు. అప్పటికి మజ్దూర్ల పద్ధతి ఇది: గని గోడకు కట్టెలు పేర్చి మంట పెట్టడం, రాయి బాగా వేడెక్కాక చల్లటి నీళ్లు కొట్టడం, పగిలిన చోట సుత్తితో తవ్వడం. పొగ నిండిన సొరంగంలో. తర్వాతి కాలంలో బారూద్ వచ్చింది. పని తొందరగా అవుతుంది. కానీ పేలుడుకి మంచి రాయి కూడా పగిలి ముక్కలవుతుంది, కొండ ఎప్పుడు ఎవరి మీద కూలుతుందో తెలియదు.

పదేళ్ల కిందట ఒక ఖబర్ కోసం హైదరాబాద్‌లో చదువుకుంటున్న ఒక అఫ్గాన్ విద్యార్థితో మాట్లాడాను. ఉస్మానియాకు ఆ దేశం పిల్లలు చాలామంది వచ్చేవారు. అతనిది బదఖ్షాన్. సెలవు తీసుకునేటప్పుడు బొటనవేలంత లాజవర్ద్ ముక్క చేతిలో పెట్టాడు. సాన పట్టనిది, గరుకుగా, ఒక పక్క తెల్లగా, ఒక పక్క బంగారు రవ్వలతో. "మా వైపు ఇది షోకేసులో పెట్టుకునే వస్తువు కాదు భాయ్, మా వాళ్లు భుజాన మోసే బరువు" అన్నాడు ఉర్దూలోనే. అప్పుడు ఆ మాట లోతు నాకు అందలేదు.

2016లో గ్లోబల్ విట్‌నెస్ అనే సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. అది చదివాక అందింది. బదఖ్షాన్ లాజవర్ద్ గనుల మీద తాలిబాన్‌కీ, వాళ్లతో పోరాడుతున్న స్థానిక సాయుధులకీ పడిన పోటీ గురించి అందులో వివరంగా ఉంది. గనుల కోసం కాల్పులు, తుపాకీ ఉన్నవాడికల్లా వసూళ్లు. బదఖ్షాన్‌లోని ఒక్క చిన్న ప్రాంతం నుంచి సాయుధ ముఠాలకు అందుతున్న రఖమ్, 2013లో మొత్తం దేశపు ఖనిజాల మీద సర్కారు చూపించిన ఆమ్దనీతో సమానమని ఆ సంస్థ లెక్క కట్టింది. లాజవర్ద్‌ని "సంఘర్షణ ఖనిజం"గా గుర్తించాలని కోరింది. 2021లో అక్కడ హుకూమత్ మారింది, ఇప్పుడు ఎవరి వసూళ్లు ఎవరివో వేరే లెక్క. కానీ ఆ కొండ తవ్వే మజ్దూర్ మాత్రం ఎప్పటిలాగే సొరంగంలోనే ఉన్నాడు.

ఆ కొండ నుంచి రాయి గాడిదల మీద, లారీల మీద దిగుతుంది. చాలా భాగం పెషావర్ నమక్ మండీ లాంటి బజార్లకు చేరుతుంది. అక్కడి నుంచి చైనాకు, మిగతా దేశాలకు. మన దేశంలో నగీనాల కోతకు జైపూర్ పెద్ద ఠికానా. ఒక్కో మజిలీలో ధర పెరుగుతుంది, రాయి కథ తగ్గుతుంది. చివరికి మన చేతికి వచ్చేసరికి మజ్దూర్ లేడు, కొండ లేదు, వతన్ లేదు. నునుపు మిగిలింది, దాని మీద ఒక కార్డు అతికింది. ఖాళీ అయిన ఆ జాగాలోనే కదా దుకాణందార్ నజర్, రుకావట్, ఎనర్జీ అన్నీ నింపేది! రాయికి సొంత కథ ఉందని మనకు తెలిసి ఉంటే, అతను అల్లిన కథ అంత సులువుగా అమ్ముడుపోదు.

మరి కొనాలా వద్దా? కొనకూడదని నేను అనను. మనం ఒక్కరం మానేస్తే అక్కడి గరీబ్ రొట్టెకు ఏం లాభం? ఇల్లు అందంగా ఉండాలనుకోవడం గునాహ్ కాదు. కొండల్లో తెల్లని, ఎర్రని, రకరకాల రంగుల చారలున్నాయని సూరా ఫాతిర్‌లో ప్రస్తావన ఉంది. ఆ వెంటే ఇల్మ్ ఉన్నవాళ్ల ప్రస్తావన వస్తుంది. రాయి రంగు చూసి ఆగిపోకుండా ఇల్మ్ వైపు నడవాలని నాకు అందులో అర్థమవుతుంది. షౌక్ ఉన్నవాళ్లు నిక్షేపంగా కొనండి. కానీ జేబులో చేయి పెట్టేముందు నాలుగు మాటలు అడగండి.

ఏ దేశం రాయి ఇది, ఏ ప్రాంతం? రంగు వేశారా, మైనం గానీ జిగురు గానీ పట్టించారా? నిజంగా లాజవర్దేనా, లేక రంగు పట్టించిన హౌలైట్, మాగ్నసైట్, జాస్పర్ లాంటి వేరే రాయా? ("జర్మన్ లాపిస్", "స్విస్ లాపిస్" అనే పేర్లు వినబడితే అది రంగు వేసిన జాస్పర్ అని గుర్తుపెట్టుకోండి. సోడలైట్ అనే రాయికి రంగు సహజమైనదే, కానీ అది లాజవర్ద్ కాదు, ధర చాలా తక్కువ.) ఇవన్నీ బిల్లు మీద రాసిస్తారా? మంచి దుకాణందార్ ఈ సవాళ్లకు చిరాకు పడడు. తెలిసింది చెబుతాడు, తెలియనిది తెలియదంటాడు. జవాబ్ చెప్పకుండా దాని "అసర్" గురించి మొదలుపెట్టాడా, సలామ్ చెప్పి బయటికి వచ్చేయండి.

ఇప్పటికే ఇంట్లో ఉంటే మెత్తటి తడిగుడ్డతో తుడిస్తే చాలు. నిమ్మరసం, సిర్కా, బాత్రూమ్ కడిగే ఆసిడ్ దగ్గరికి రానివ్వకండి. అవి కాల్‌సైట్‌నీ తినేస్తాయి, నీలాన్నీ పాడుచేస్తాయి. అసలీ రాయి కూడా మరీ గట్టిదేం కాదు, ఉక్కు చాకు మొన గట్టిగా తగిలితే గీత పడుతుంది. గుమ్మానికి ఎదురుగానే పెట్టాలనేం లేదు. పిల్లలకు కనబడే చోట పెట్టండి.

ఆపా సంగతి చెప్పి ముగిస్తాను. దుకాణందార్ వాపస్ తీసుకోలేదు. గడువు దాటిందన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఫీజు సంగతి అన్నాతమ్ముళ్లం మేం చూసుకున్నాం, అది ఎహసాన్ ఏం కాదు. ఆపాతో మాత్రం ఆ రాత్రి చాలాసేపు కూర్చున్నాను. హజ్రత్ ఉమర్ మాట గుర్తు చేశాను. బీరూనీ పాము కథకు నవ్వింది. నవ్వాక ఏడ్చింది. "నాకు తెలియదా భయ్యా రాయి ఏం చేయదని? వచ్చినవాళ్లందరూ అమ్మాయి గురించి అడుగుతుంటే, ఏదో ఒకటి చేస్తున్నానని అనిపించాలి కదా" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబ్ లేదు. మీ దగ్గరా ఉండదేమో. ఆపా చేత ఆ రాయి కొనిపించింది ఒక్క దుకాణందారే కాదు. ఈద్‌కి ఇంటికొచ్చి "ఇంకా కుదరలేదా?" అని అడిగే మనమందరం తలా ఇంత కొనిపించాం. నజర్ అంటూ ఏదైనా ఉంటే అది ఆ అడగడంలోనే ఉంది. ముందు అది మానేద్దాం. ఆడపిల్ల ఎదురైతే రిష్తా సంగతి కాకుండా చదువు సంగతి అడుగుదాం.

భాంజీ ఇప్పుడు బీఎడ్ వాళ్ల టీచింగ్ ప్రాక్టీసులో ఉంది. పోయిన నెల నా బల్ల మీదున్న ఆ అఫ్గాన్ ముక్కను అడిగి తెప్పించుకుంది. దాన్నీ, అమ్మీ షోకేసు రాయినీ, దూదినీ తీసుకుని ఏడో తరగతి పిల్లల దగ్గరికి వెళ్లిందట. పిల్లలు రెండూ చేతిలో పట్టుకుని చూశారట. దూది నీలమైనప్పుడు గోల గోల చేశారట. తర్వాత ఒక పిల్లాడు చిన్న ముక్క చూపించి అడిగాడట, "ఇది ఎవరు తవ్వారు టీచర్?" అని.

పద్నాలుగున్నర వేలు పెట్టిన మేం ఎవరమూ అడగని సవాల్ అది. అల్లాహ్ మన పిల్లలకు అడిగే ఆదత్ ఇవ్వాలి, మనకు జవాబ్ వెతికే తౌఫీఖ్ ఇవ్వాలి. ఆమీన్.